అతుకు వెనక చేతులు

మన సాహిత్య విమర్శలో 'అతుకుల బొంత' ఒక తిట్టు. నవల కుదురుగా లేకపోతే అతుకుల బొంత అంటాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలు అతుకుల బొంత అని రాస్తాయి. ఈ మాటను ఇంత తేలిగ్గా వాడేవాళ్లలో ఎంతమంది ఒక బొంతను తిరగేసి వెనకవైపు చూశారో నాకు అనుమానమే. చూసి ఉంటే దాన్ని తిట్టుగా వాడటానికి నోరు వచ్చేది కాదు. అతుకు అతుకులా కనపడకుండా, ఒంటికి గుచ్చుకోకుండా పరుచుకోవాలంటే దాని వెనక ఎంత లెక్క, ఎంత ఓపిక, ఎన్ని కాలిన వేళ్లు ఉంటాయో తెలిసి ఉండేది.

వికారాబాద్, తాండూరు వైపు పాత చీరలు, ధోతులు పొరలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు అతికి, దబ్బనంతో బారు కుట్లు వేసి బొంతలు కుడతారు. తాండూరు దాటితే కర్ణాటక. అక్కడ ఇదే కౌదీ. బెంగాల్‌లో కాంథా. జసీముద్దీన్ 1929లోనే ఆ పేరుతో ఒక కావ్యం రాశాడు. అమెరికాలో క్విల్టు మీద స్త్రీవాదులు రాసినంత మనం బొంత మీద రాయలేదు. ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథలో ఒక తల్లి, పాత క్విల్టుల్ని గోడకు తగిలించుకుంటానన్న కూతురికి ఇవ్వాలా, కప్పుకునే కూతురికి ఇవ్వాలా అని తేల్చుకోవాలి. రోజికా పార్కర్ 1984లో 'ద సబ్‌వర్సివ్ స్టిచ్' రాసింది. ఎలైన్ షోవాల్టర్ 1986లో 'పీసింగ్ అండ్ రైటింగ్' అనే వ్యాసంలో ముక్కలు అతకడానికీ ఆడవాళ్లు రాయడానికీ ఉన్న సంబంధాన్ని చర్చించింది.

ఇవన్నీ నాకు ఇష్టమైనవే. అయితే వీటిని చదువుతున్నప్పుడు నాకు ఒక వెలితి కనిపిస్తూ ఉంటుంది. బొంతను ప్రతీకగా చూసేవాళ్లం ఎక్కువగా ముందువైపే చూస్తాం. రంగులు, జ్ఞాపకాలు, అమ్మ చీర, అమ్మమ్మ చీర. వెనకవైపు ఉండే పని గురించి, ఆ పనికి కావలసిన పనిముట్ల గురించి మాట్లాడం. అందులోనూ అన్నిటికన్నా చిన్నదిగా కనిపించే పని ఒకటుంది. రెండు ముక్కలు కలిపి కుట్టాక, వెనక మిగిలిన పావు అంగుళం అంచుల్ని రెండు వైపులా తెరిచి, అణచి, సాపు చేయడం. టైలర్లు ఆ అంచును మార్జిన్ అంటారు. నేను రాయబోయేది ఆ పావు అంగుళం గురించి.

ముందు ఒక లెక్క చెప్పాలి. నాలుగు గుడ్డ ముక్కలు కలిసే మూల ఉంటుంది కదా, అక్కడ కుట్టిన అంచులన్నిటినీ ఒకే వైపుకు మడిచి అణిచామనుకోండి. ఆ మూల చుట్టూ ఉన్న నాలుగు గదుల్లో ఒకదాంట్లో తొమ్మిది పొరలు చేరతాయి. రెండిట్లో మూడేసి, ఒకదాంట్లో ఒక్క పొరే. అదే ప్రతి కుట్టు అంచుల్నీ రెండు వైపులకూ తెరిచి అణిస్తే నాలుగు గదుల్లోనూ నాలుగేసి పొరలు ఉంటాయి. రెండు పద్ధతుల్లోనూ మొత్తం పదహారు పొరలే. గుడ్డ పెరగలేదు, తగ్గలేదు. మోసే బరువు పంచుకున్నాయి, అంతే. నమ్మకం లేకపోతే నాలుగు కాగితం ముక్కలు అతికించి లెక్కపెట్టుకోవచ్చు. ఇంటి పని పంపకం గురించి ఇన్నేళ్లుగా మనం రాస్తున్న వ్యాసాలన్నిటికన్నా తేటగా ఈ లెక్క నాకు అర్థమైంది.

అంచుల్ని ఒక పక్కకే మడవాలనే వాళ్లూ ఉన్నారు. చేతితో కుట్టినప్పుడు అది సబబే. తెరిచి అణిస్తే లాగుడంతా దారం మీదే పడుతుంది. మధ్యలో దూది పరిచే క్విల్టులో, తెరిచిన కుట్టులోంచి దూది పోగులు బయటికి వస్తాయన్న భయం కూడా ఉంది. మన బొంతలో దూది లేదు, చీరల పొరలే. కుట్టు మిషన్ మీద దగ్గర దగ్గరగా పడితే తెరిచినా ఊడదు. పైగా ఈ పైబట్ట కింద ఇంకా మూడు నాలుగు చీరల మడతలు ఉంటాయి. తొమ్మిది పొరలున్న చోట దబ్బనం దిగదు. దిగకపోతే తోస్తాం. తోస్తే సూది విరుగుతుంది, లేదా అంగుస్తానా జారి వేలిలోకి దిగుతుంది. అంచు తెరిచి అణచడం అందం కోసం కాదు, చేతుల కోసం.

ఇదంతా నాకు మా అమ్మ వల్ల తెలిసింది. అమ్మకు డెబ్బై దాటాయి. వికారాబాద్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఇరవై ఏళ్లుగా షుగర్. మొదట అరికాళ్లలో తిమ్మిర్లు వచ్చాయి. తర్వాత వేలికొసలకు వచ్చింది. ఇప్పుడు ఆమెకు పట్టుకున్నది సూదో పుల్లో చూస్తే గానీ తెలియదు. ముఖ్యంగా వేడి తెలియదు. మనకు వేడి తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఆ రావడం ఎంత పెద్ద రక్షణో అది పోయాక అర్థమవుతుంది. నా కూతురి కోసం అమ్మ ఒక బొంత మొదలుపెట్టింది. అయిదంగుళాల ముక్కలు, పద్దెనిమిది వరసలు. చేతిమిషన్ మీద అతుకులు వేసి, ఎడమచేతి వేళ్లతో అంచులు తెరిచి పట్టుకుని, కుడిచేత్తో ఇస్త్రీపెట్టె పెట్టేది. పావు అంగుళం అంచు అంటే వేలికీ వేడి ఇనుముకూ మధ్య ఉన్న దూరం కూడా దాదాపు అంతే. ఒకరోజు చూపుడువేలు మీద బొబ్బ లేచింది. ఎప్పుడు కాలిందో ఆమెకు తెలియదు. సాయంత్రం అన్నం కలుపుతుంటే కోడలు చూసింది.

తమ్ముడు ఇస్త్రీపెట్టెను సజ్జ మీద పెట్టేశాడు. షుగరున్న మనిషికి కాలిన పుండు మానడం ఎంత కష్టమో అతనికి తెలుసు. అతని భయం నిజమైనదే, ప్రేమా నిజమైనదే. "ఇగ చాలమ్మా, కావాలంటె బజార్ల రజాయి కొందం" అన్నాడు. అమ్మ గొడవ పెట్టుకోలేదు. నాకు ఫోన్ చేసి ఒక్క మాట అడిగింది: "నాకు వేడి తెలుస్తలేదని ఇస్త్రీపెట్టె దాస్తే కుట్టు దానంతటదే సాపుగ అయితదా బిడ్డా?"

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆడవాళ్ల భద్రత గురించి మన సమాజం ఆలోచించే తీరంతా ఇందులో ఉంది. రోడ్డు మీద వేధిస్తున్నారంటే అమ్మాయిని బయటికి వెళ్లొద్దంటారు. రాత్రి డ్యూటీ ప్రమాదమంటే రాత్రి డ్యూటీ మాన్పిస్తారు. మన ఫ్యాక్టరీల చట్టంలో 1948 నుంచీ ఆడవాళ్ల రాత్రి పని మీద నిషేధం ఉండేది. దారి, దీపం, బండి బాగు చేయడం కన్నా మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం చవక కదా! ప్రమాదం పనిముట్టులో ఉంటే పనిముట్టును మార్చాలి. కానీ పని చేసేది ఆడమనిషైతే, పైగా ముసలామె అయితే, పనినే తీసేస్తాం. ఆ పని ఆమెకు ఏమవుతుందో అడగం. ఎందుకంటే అది పని అని మనం ఎన్నడూ అనుకోలేదు, 'కాలక్షేపం' అనుకున్నాం.

తాండూరులో మా చిన్నమ్మ ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఇంట్లోనే ఆడవాళ్ల బట్టలు కుడుతోంది. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫాంలు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి మాట్లాడుతుంది. అమ్మ అతికిన నాలుగు వరసలు సంచిలో పెట్టుకుని ఒక ఆదివారం రైలెక్కాను. ధారూరు దాటాక చేలల్లో కంది పైరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు బండ సంగతి చెప్పనక్కర్లేదు, ఎన్నో ఊళ్లలో ఇళ్ల నేల అంతా అదే. ఈ ఊరి పంటకూ రాయికీ పేరుంది. ఈ ఊరి ఆడవాళ్ల చేతిపనికి పేరు లేదు. కానీ పంటా రాయీ రెండూ ఆ చేతిపనిలోకి ఎలా వచ్చాయో ఆ రోజు చూశాను.

చిన్నమ్మ అమ్మ కుట్టిన వరసల్ని తిరగేసి చూసి, "అక్క కుట్టు ఇంక గట్లనే ఉన్నది" అంది ముందు. తర్వాత ఒక పాత బిస్కెట్ల డబ్బా, ఒక సంచి ముందర పెట్టింది. అందులో ఉన్నవాటిని ఏ దుకాణంలోనూ అమ్మరు. ఒకటొకటిగా తీసి నాకు చూపించింది.

మొదటిది విరిగిన చెక్క తెడ్డు కాడ. గరుకు కాగితంతో రుద్ది, ఒక చివర నాలుకలా పలచగా, మొద్దుగా చేసింది. పూరీపీట మీద కుట్టును బోర్లా పరిచి, అంచుల్ని తెరుస్తూ ఈ కాడను గట్టిగా లాగితే నూలు గుడ్డ వేడి లేకుండానే సగం మాట వింటుంది. కింద గట్టి పీట ఉండాలి, మెత్త ఉంటే కుట్టు అందులోకి దిగిపోతుంది. చాలామంది ఈ పని గోటితో చేస్తారు. గోరు అరుగుతుంది. స్పర్శ లేని వేలైతే చర్మం చీరుకుపోయినా తెలియదు. జపాన్ కుట్టుపనిలో ఇలాంటి గరిటె లాంటి పనిముట్టును హెరా అంటారు. దాంతో గుర్తులు పెడతారు, మడతలు తీరుస్తారు. మా చిన్నమ్మ దాని పేరు వినలేదు. తన చేతికి కావలసినదాన్ని తనే చేసుకుంది.

రెండోది అడుగు పొడవున్న వెదురు బద్ద. ఇస్త్రీపెట్టె ముక్కుకు ముందు నడుస్తూ అంచుల్ని తెరిచి పట్టుకునేది వేలు కాదు, ఈ బద్ద. కందికట్టెతో కూడా చేసి చూసిందట. ఎండిన కందికట్టె వేడికి చీలి గుడ్డ పోగుల్ని లాగుతుంది. వెదురే మేలు. ఆమె మాటల్లో సూత్రం ఇది: "చెయ్యి పొయ్యే కాడ కట్టె పోవాలె. గంతే."

మూడోది నిలువునా రెండుగా చీల్చిన లావు వెదురు. దాని గుండ్రటి వైపు పాత ధోతి గుడ్డ మూడు చుట్లు చుట్టి బిగించి కుట్టేసింది. చదునైన వైపు బల్ల మీద ఆనుతుంది, దొర్లదు. దాని వీపు మీద కుట్టును పరిస్తే అంచులు వాటంతటవే రెండు వైపులకూ వాలతాయి. ఇస్త్రీపెట్టె తగిలేది కుట్టు గీత ఒక్కదానికే. అంచుల అచ్చు పైబట్ట మీద పడదు. అన్నిటికన్నా ముఖ్యం, వేళ్లు అక్కడ ఉండాల్సిన పనే లేదు. వెదురు దొరకకపోతే చపాతీ కర్రకు గుడ్డ చుట్టి, రెండు వైపులా ఇసక సంచులు ఆనించి వాడుకోవచ్చని చెప్పింది.

నాలుగోది తాండూరు బండ ముక్క. పాలిషింగ్ యూనిట్ల బయట పడేసిన ముక్కల్లోంచి ఏరుకొచ్చి, అంచులు అరగదీసి, మందపాటి నూలు సంచిలో కుట్టేసింది. సంచి పైన చెయ్యి దూరేంత పట్టీ ఉంది. అందువల్ల వేళ్లు రాయి కిందకి పోవు. వేడి ఇనుమును ఎత్తగానే ఈ రాయిని కుట్టు మీద పెట్టి పదిహేను లెక్కపెట్టాలి. చల్లటి రాయి గుడ్డలోని వేడిని లాగేస్తుంది. గుడ్డ ఏ రూపంలో చల్లబడితే ఆ రూపంలో నిలబడుతుంది. విదేశాల్లో దర్జీలు ఇందుకోసం వార్నిష్ వేయని చెక్క దిమ్మ వాడతారు. చెక్క ఆవిరి తేమను కూడా పీల్చుకుంటుంది. రాయికి ఆ గుణం తక్కువ గనుక సంచి మందంగా ఉండాలి. ఈ రాయిని వేడి చేయకూడదు, నిప్పుల మీద పెడితే పగలొచ్చు. దాని పని చల్లగా ఉండటమే.

చివరిది వేలి టోపీలు. పాత జీన్స్ గుడ్డ రెండు మడతలు, లోపల పాత చెప్పు తోలు ముక్క. సిల్కు, పాలియెస్టర్ గుడ్డలు పనికిరావన్నది. పాలియెస్టర్ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఆ గాయం మామూలు కాలుడు కన్నా చెడ్డది. టోపీ తడవకూడదు కూడా. పొడి గుడ్డ వేడిని ఆపుతుంది, తడి గుడ్డ చేతికి చేరవేస్తుంది. బొంతలో ఇప్పుడు సింథటిక్ చీరల ముక్కలు ఎక్కువ గనుక ఇది గుర్తుపెట్టుకోవాలి. అలాంటి ముక్కల మీద వేడి తగ్గించి, పైన నూలు గుడ్డ పరిచి అణచాలి. గుండుసూదులు ముందే తీసేయాలి. ప్లాస్టిక్ తలలు కరుగుతాయి, ఇనుప తలలు కాలతాయి. ఇనుమును రుద్దకూడదు. పెట్టాలి, ఎత్తాలి, జరపాలి. రుద్దితే ఐమూలగా కోసిన ముక్క సాగిపోతుంది.

వీటిని చూస్తుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇంట్లో ఇస్త్రీపెట్టె లేని రోజుల్లో ఆమె ఇత్తడి చెంబులో నిప్పులు వేసి, మెడ దగ్గర గుడ్డ చుట్టి పట్టుకుని జాకెట్ల కుట్లు సాపు చేసేదట. చెంబు ఒరిగితే నిప్పులు ఒళ్లో పడతాయి. తర్వాత వచ్చిన బొగ్గుల పెట్టెకు మూత, చెక్క పిడి ఉన్నా కన్నాల్లోంచి రవ్వలు ఎగిరేవి. పిడి చల్లగా ఉండాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చి ఉంటుంది? చెయ్యి కాలినవాళ్లకే. అమెరికాలో పొయ్యి మీద కాచే గట్టి ఇనుప దిమ్మను సాడ్ ఐరన్ అనేవారు. సాడ్ అంటే ఆ పాత ఇంగ్లీషులో బరువైనదని. పిడి కూడా ఇనుమే గనుక దాంతోపాటే కాలేది. అయోవా రాష్ట్రంలోని ఒటమ్వాకు చెందిన మేరీ ఫ్లారెన్స్ పాట్స్ 1871లో ఊడదీసి మళ్లీ తగిలించుకునే చెక్క పిడికి పేటెంట్ తీసుకుంది. దిమ్మలు పొయ్యి మీద కాలుతుంటాయి, పిడి చేతిలో చల్లగా ఉంటుంది. కరెంటు ఇస్త్రీపెట్టెకు హెన్రీ సీలీ పేటెంట్ తీసుకున్నది ఆ తర్వాత పదకొండేళ్లకు, 1882లో.

1892లో ఇస్త్రీ బల్లకు పేటెంట్ తీసుకున్న సారా బూన్ కథ ఇంకా మనకు దగ్గరగా ఉంటుంది. 1832లో నార్త్ కరొలైనాలో బానిసత్వంలో పుట్టిన నల్లజాతి స్త్రీ. కనెక్టికట్‌లోని న్యూహేవన్‌లో బట్టలు కుట్టి బతికింది. ఆడవాళ్ల దుస్తుల చేతులు, నడుము భాగాల కుట్లు వెడల్పాటి పలక మీద సరిగా అణగవు. ఆమె సన్నగా, వంపు తిరిగిన, తిరగేసి వాడుకోగల బల్ల చేసింది. ధోతి గుడ్డ చుట్టిన వెదురుకూ ఆ బల్లకూ ఆలోచన ఒకటే: వంపున్న చోట వంపున్న ఆధారం కావాలి. ఒకదానికి పేటెంట్ కాగితం ఉంది, ఒకటి బిస్కెట్ల డబ్బా పక్కన సంచిలో ఉంది. తేడా తెలివిలో లేదు.

కొరియాలో జోసన్ రాజుల కాలంలో ఎవరో పేరు చెప్పుకోని రచయిత, బహుశా ఒక స్త్రీ, రాసిన గద్య రచన ఒకటుంది. ఆడవాళ్ల గదిలో కొలబద్ద, కత్తెర, సూది, దారం, అంగుస్తానా, ఇస్త్రీపెట్టెతో పాటు పొడవాటి కాడ ఉన్న చిన్న ఇస్త్రీ ఇనుము, మొత్తం ఏడుగురు స్నేహితులు బట్ట తయారైన ఘనత ఎవరిదని వాదులాడుకుంటారు. అక్కడ ఆ చిన్న ఇనుమును ఇందూ అంటారు. కుంపట్లో కాచి, కుట్ల అంచులు అణచడానికి వాడేది. కాడ పొడవుగా ఉంటుంది, చెయ్యి వేడికి దూరంగా ఉంటుంది. కుట్టు అణిచే పనిముట్టుకు సాహిత్యంలో ఒక పాత్ర, ఒక గొంతు, తన పనికి విలువ అడిగే హక్కు అక్కడ దొరికాయి. మన సాహిత్యంలో సూదీ దారం ఉపమానాలుగా ఎన్నిసార్లో వచ్చాయి. కుట్టు వెనక అంచును తెరిచే కట్టెపుల్ల నేను చదివినంతలో ఎక్కడా రాలేదు.

చిన్నమ్మ తన తెడ్డు కాడ, బద్ద, బండ నాకిచ్చేసింది. "నేను మల్ల జేస్కుంట" అంది. వికారాబాద్ తీసుకెళ్లాక అమ్మ ఒక్కోటి చేతిలో తిప్పి చూసింది. తర్వాత మేం ముగ్గురం, అమ్మా మరదలూ నేనూ, పని జరిగే చోటునే మార్చాం. అమ్మ ఇన్నేళ్లూ నేల మీద దుప్పటి పరిచి, మోకాలు పక్కన ఇస్త్రీపెట్టె పెట్టుకుని చేసేది. ఆమె కాళ్లకూ స్పర్శ లేదు. ఇప్పుడు బల్ల, కుర్చీ. బల్ల మీద పలచటి కంబళి, దానిపైన బిగించి కట్టిన నూలు చీర. కుడివైపు ఇస్త్రీపెట్టె ఆనించడానికి ఒక బండ పలక. వైరు బల్ల వెనక నుంచి వస్తుంది, ఒడిలోంచి కాదు. మూడు పిన్నుల ప్లగ్గు గోడ సాకెట్‌లోకే, ఎక్స్‌టెన్షన్ పెట్టెలోకి కాదు.

పని వరస కూడా మారింది. ఒక్కో అతుకుకూ వేడి పెట్టరు. వరస మొత్తం కుట్టి, తెడ్డు కాడతో అంచులన్నీ చల్లగానే తెరిచి పెడుతుంది అమ్మ. వేడి పని వరసకు ఒక్కసారే. అప్పుడు మరదలో, పెద్ద పిల్లవాడో పక్కన ఉంటారు. ఎడమచేత్తో బద్ద, కుడిచేత్తో ఇనుము, తర్వాత రాయి. వేడి చేతికి తెలియదు గనుక లెక్కే ఆమెకు స్పర్శ. ఇనుము మూడు లెక్కలు, రాయి పదిహేను లెక్కలు. పని అయ్యాక రెండు చేతులూ వెలుతురులో తిప్పి చూసుకోవడం నియమం. కాలితే పేస్టు, ఇంకు, మంచుముక్క ఏదీ పెట్టకూడదు, పంపు కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. షుగరున్నవాళ్లు చిన్న బొబ్బనైనా డాక్టరుకు చూపించాలి. ఇది కాగితం మీద రాసి గోడకు అంటించాం. రాసింది తమ్ముడే. ఇస్త్రీపెట్టెను సజ్జ మీద నుంచి దించిందీ అతనే. భయం పోలేదు అతనికి, పోనవసరం లేదు. ఆ భయాన్ని పని ఆపడానికి కాకుండా పని నడపడానికి వాడుకోవచ్చని తెలిసింది.

అన్నీ కుదరలేదు. వేలి టోపీలు అమ్మ పెట్టుకోదు. వాటితో అసలే తెలియని వేళ్లు ఇంకా తెలియకుండా పోతాయంటుంది. బద్ద కొస నలుపెక్కితే వారానికోసారి గీకాలి. పాత బొగ్గుల పెట్టె కావాలని అడిగింది, అది మాత్రం ఇవ్వలేదు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకుంటే తేలుతుంది. ఒకరు ఒకరికి నిషేధం పెడితే తేలదు. నిర్ణయంలో ఆ పని చేసే మనిషి ఉండాలి, అంతే.

మనం స్త్రీల శ్రమను లెక్కలోకి తేవాలని అంటున్నాం. శ్రమను లెక్కపెట్టేటప్పుడు గంటల్ని లెక్కపెడతాం, కూలిని లెక్కపెడతాం. ఆ శ్రమ చేస్తూ ఆడవాళ్లు తమ ఒంటిని కాపాడుకోవడానికి కనిపెట్టుకున్నవాటిని కూడా లెక్కపెట్టాలి. విరిగిన తెడ్డు కాడ, చీల్చిన వెదురు, పారేసిన బండ ముక్క. ఇవి చిట్కాలు కావు. ఏ గుడ్డ ఎంత వేడి తట్టుకుంటుందో, ఏ రాయి ఎందుకు చల్లబరుస్తుందో, మెత్త మీద కుట్టు ఎందుకు అణగదో తెలిసినవాళ్లు చేసిన పనిముట్లు. చిట్కా అంటే ఎవరిదీ కాదు. పనిముట్టు అంటే దాని వెనక ఆలోచించిన మనిషి ఒకరుంటారు. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఇలాంటి డబ్బాలు ఉంటాయి. మూత తీసి, అందులో ఏముందో, ఎందుకుందో ఆ మనిషినే అడిగి రాయండి.

బొంత ఎప్పటికవుతుందని మొన్న అమ్మను అడిగాను. "సలికాలానికి" అంది. ఏ చలికాలమో చెప్పలేదు. తొమ్మిదో వరస మీద ఉంది. నాలుగు ముక్కలు కలిసే మూల మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసి, "గడ్డ తాకుతున్నదా సూడు, నాకు తెలుస్తలేదు" అని నాకిచ్చింది. నేను తడిమి చూశాను. ఎక్కడా గడ్డ లేదు.